మూడుసార్లు వెళ్ళిపోయినవాడు

కోరాడ సింహాద్రికి అరవై తొమ్మిదో ఏట ప్రభుత్వ గౌరవం దక్కింది. అదీ చేసిన పనికి కాదు, మానేసిన పనికి.

రిజిస్టరు పోస్టులో వచ్చిన ఆ ఉత్తరం "తమకు తెలియజేయడమైనది ఏమనగా" అని మొదలై, ఎక్కడా ఊపిరి తీసుకోకుండా పదకొండు లైన్లు నడిచి, చివరికి అసలు సంగతి చెప్పింది. విశాఖపట్నానికి చెందిన 'పక్కింటి సముద్రం' అనే రాక్ బృందం, తన ప్రధాన సభ్యుడు నిష్క్రమించిన తర్వాత వెలువరించిన మూడు ఆల్బంలలో ఏది ఉత్తమమో తేల్చడానికి శ్రవణ వారసత్వ సంస్థ వారు ఒక సంఘం వేశారు. అందులో నిపుణ సభ్యుడిగా ఉండమని కోరుతున్నారు. అర్హత అన్నచోట "నిష్క్రమించిన ప్రధాన సభ్యులు స్వయముగా తామే అయి ఉన్నందున" అని రాశారు.

చదివిన మనిషికి కోపం రావాలి. రాలేదు. 'ప్రధాన సభ్యుడు' అన్న మాట దగ్గర సింహాద్రి వేలు కాసేపు ఆగింది.

1978లో రైల్వే క్వార్టర్ల కుర్రాళ్ళు నలుగురు కలిసి పెట్టిన బృందం అది. ఒక్కో పాట ఇరవై నిమిషాలు సాగేది. మధ్యలో తాళం నాలుగుసార్లు మారేది. పెళ్ళి రిసెప్షన్లకి ఒకసారి పిలిచినవాళ్ళు రెండోసారి పిలిచేవారు కాదు. కీబోర్డు వాయించేదీ, పాటలు కట్టేదీ సింహాద్రి. 1983 మార్చిలో ఒక రిహార్సల్లో, పాటని ఎలా ముగించాలన్న దగ్గర మాటా మాటా పెరిగింది. "మీకు మొదలెట్టడమే వచ్చు. నేను లేకపోతే ఒక్క పాటైనా ముగించలేరు" అని, కీబోర్డు వైర్లు పీకేసి, దాన్ని చంకన పెట్టుకుని వచ్చేశాడు.

తర్వాత హార్బర్లో ఆటుపోట్లు నమోదు చేసే ఉద్యోగంలో చేరాడు. సముద్రం ఎన్ని అడుగులు లేచిందో, ఎన్ని అడుగులు దిగిందో ముప్పై ఏళ్ళ పైచిలుకు రాసి రిటైరయ్యాడు. ఈలోగా మిగిలిన ముగ్గురూ మూడు ఆల్బంలు చేశారు. 'ఉప్పు గడియారం', 'ఇనుప వాన', 'మూడో గంట తర్వాత'. వాటిలో ఒక్క పాట కూడా సింహాద్రి వినలేదు. ఏదైనా కాసెట్ల కొట్టు దగ్గర అనుమానంగా డ్రమ్ము చప్పుడు వినిపిస్తే రోడ్డు దాటి అవతలి వైపు నడిచేవాడు. వినకపోవడంలో అతనికొక సౌకర్యం ఉంది. తను లేకుండా వాళ్ళు పాట ముగించగలిగారా లేదా అన్నది ఎప్పటికీ తేలదు. తేలని విషయాన్ని మనిషి తనకి కావలసిన వైపు ఒరిగించుకుని, దానికి వీపు ఆనించి జీవితమంతా కూర్చోవచ్చు. సింహాద్రి నలభై ఏళ్ళుగా అలాగే కూర్చున్నాడు.

మొదటి సమావేశానికి ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు.

సంస్థ డైరెక్టరు ప్రభంజనరావు ఆ మధ్యే ఒక పెద్ద హోటల్లో జరిగిన మూడు రోజుల శిక్షణకి వెళ్ళి, ఒక సిద్ధాంతంతో తిరిగొచ్చాడు. దానికి ఆయన పెట్టిన పేరు 'నిష్క్రమణానంతర వికాసం'. సింహాద్రిని ఎదురుగా కూర్చోబెట్టుకుని దాన్ని ఇలా వివరించాడు.

"ప్రధాన వ్యక్తి సమక్షంలో సంస్థాగత శక్తి నిద్రాణ స్థితిలో ఉంటుందండి. వారు నిష్క్రమించిన మరుక్షణం జాగృతమవుతుంది. ఆ దృష్ట్యా, తమరు వెళ్ళిపోవడం ఆ బృందానికి తమరు చేసిన మౌలికమైన సేవగా మా సంస్థ పరిగణిస్తోంది."

సింహాద్రి థాంక్సండి అన్నాడు. అన్నాక, ఎందుకు అన్నానా అనుకున్నాడు.

సంఘంలో ఇంకో సభ్యుడు గొర్లె సత్యం. రోడ్లు భవనాల శాఖ నుంచి డిప్యుటేషన్ మీద వచ్చిన ఇంజనీరు. నిబంధనలు చదివి వినిపించే పని సూపరింటెండెంటు అహల్యది. ఆవిడ పాతికేళ్ళ సర్వీసులో ఎన్నో పథకాలు చదివి వినిపించింది. దేన్ని చదువుతున్నా గొంతు మారదు.

నిబంధనల సారాంశం ఇదీ. వాతావరణ నియంత్రణ ఉన్న గదిలో సగం జాగా సంస్థ మాజీ డైరెక్టర్ల శిలావిగ్రహాలకి పోయింది. కాబట్టి ఒక నిష్క్రమణకు ఒక పెట్టె. పెట్టెలో ఒక ఆల్బం. ఉత్తమమని తేలినదాని అసలు రికార్డింగు ఉన్న స్పూలు టేపు శాశ్వతంగా భద్రపరుస్తారు. మిగిలినవాటిని ఆర్నెల్ల తర్వాత, జూన్ ముప్పైన నిరుపయోగ సామగ్రి కింద తగలబెడతారు. బృందంలో డ్రమ్ములు వాయించే నెల్సన్ మూడు స్పూళ్ళనీ నమ్మకంగా తెచ్చి ఇచ్చి, రసీదు తీసుకుని వెళ్ళాడు. సముద్రపు గాలికి బయట ఉన్న కాసెట్లన్నీ ఎప్పుడో బూజు పట్టిపోయాయి. ఇక ఉన్నవి ఆ మూడే.

"నిబంధన నాలుగు," అంది అహల్య. "నిర్ణయం వెలువడే వరకు సభ్యులు ఆల్బంలను వినరాదు. వినుట వలన వ్యక్తిగత అభిరుచి ఏర్పడి నిష్పాక్షికతకు భంగం కలుగును."

సింహాద్రికి గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఇంత సంస్కారం ఉన్న ఆఫీసు అతను ఎక్కడా చూడలేదు.

వినకుండా తేల్చడం ఎలాగన్న దానికి ఇంజనీరు సత్యం దగ్గర పద్ధతి సిద్ధంగా ఉంది. మూడు టేపులూ వరండాలో పరిపించి, రోడ్లు కొలిచే సర్వే గొలుసుతో కొలిపించాడు. 'ఇనుప వాన' మిగతా రెండిటికన్నా ముప్పై ఆరు మీటర్లు పొడుగు తేలింది. టేపు చివర కొంతభాగం ఖాళీగా ఉండొచ్చు కదా అని సింహాద్రి సందేహపడితే, రోడ్డు మీద బండ్లు తిరగనంత మాత్రాన రోడ్డు కాకుండా పోదని సత్యం జవాబిచ్చాడు. డైరెక్టరు ఓటు మాత్రం 'మూడో గంట తర్వాత'కి. అది నిష్క్రమణకి అన్నిటికన్నా దూరాన వచ్చింది గనుక వికాసం అందులోనే ఎక్కువ ఉండి తీరాలి. అభిమానుల వాదన కూడా వినాలని ఇద్దరిని పిలిపించారు. ఆర్టీసీ కాంప్లెక్సు ఎదుట ఒకే టీ బడ్డీ దగ్గర ముప్పై ఏళ్ళుగా ఈ మూడు ఆల్బంల మీద పోట్లాడుకుంటున్న పెద్దమనుషులు వాళ్ళు. లోపలికి వచ్చేవరకూ ఒకరు 'ఉప్పు గడియారం' అనీ, ఇంకొకరు 'ఇనుప వాన' అనీ వాదించుకుంటూనే వచ్చారు. సంఘం తీర్పు ఇచ్చేస్తుందని తెలిశాక ఇద్దరూ ఒక్కటైపోయి, తీర్పు ఇవ్వొద్దని ఉమ్మడిగా అర్జీ పెట్టారు. రేపట్నుంచి సాయంత్రాలు మేమేం మాట్లాడుకోవాలని వాళ్ళ ప్రశ్న. అర్జీ విషయానికి సంబంధించినది కాదని తిరస్కరించారు.

డైరెక్టరు ఓటు అటు, ఇంజనీరుది ఇటు. తేల్చే ఓటు సింహాద్రిది. అతను గడువు అడిగాడు. ఇచ్చారు.

ఈ గడువులోనే పథకం రాష్ట్రమంతా పాకింది. నిష్క్రమణ జరిగిన బృందాలకే భద్రపేటికలో చోటు అని తెలిసేసరికి, ప్రధాన సభ్యులని సాగనంపే పని జిల్లా జిల్లాలో మొదలైంది. ఒక బుర్రకథ దళం కథకుడిని పంపేసి, వంతపాట ఇద్దరితో కథ నడిపింది. ఇద్దరూ తందాన అంటున్నారే తప్ప కథ చెప్పేవాళ్ళు లేరు. ఒక సన్నాయి మేళం సన్నాయిని తీసేసింది. ఒక నాటక సమాజంవాళ్ళు రాముడిని తీసేశాక, అడవికి ఎవరు వెళ్ళాలో తెలియక అందరూ అయోధ్యలోనే ఉండిపోయారు. పాలకొండ వైపు హరికథలు చెప్పే బంకుపల్లి జోగిదాసుది ఇంకా చిక్కు సమస్య. ఆయన బృందం మొత్తం ఆయనొక్కడే. ఆయన తనంతట తాను రెండుసార్లు నిష్క్రమించి, మధ్యలో తిరిగి చేరి, ప్రతిసారీ తన తర్వాత తనే మెరుగ్గా చెబుతున్నానని అఫిడవిట్ దాఖలు చేశాడు. సంఘం దాన్ని ఆమోదించి, రెండు నిష్క్రమణలకీ రెండు పెట్టెలు ఇచ్చింది.

సింహాద్రికి తీరిక లేకుండా పోయింది. అందరికన్నా ముందు, ఎవరూ చెప్పకుండానే వెళ్ళిపోయినవాడు గనుక అతనికి 'ఆదర్శ నిష్క్రాంత' బిరుదు ఇచ్చి ఊరూరా తిప్పారు. ఎప్పుడు వెళ్ళాలి, తలుపు వెయ్యాలా వద్దా, వెనక్కి చూడొచ్చా అని యువకళాకారులు రాసుకుంటూ అడిగేవారు. నలభై ఏళ్ళు లోపల ముల్లులా ఉన్నది ఇప్పుడు శాలువాగా భుజాల మీదకి వచ్చింది. అతను ఇంటికొచ్చి శాలువా మడతపెట్టి బీరువాలో పెట్టేవాడు. తలుపు వేశాక కాసేపు అక్కడే నిలబడేవాడు. ముల్లు ఉన్నచోట తడుముకుంటే అది ఇంకా అక్కడే ఉండేది. శాలువా వేరే వస్తువు.

జోగిదాసు వ్యవహారం పై అధికారుల దాకా వెళ్ళి, ఒక సర్క్యులర్ వచ్చింది. ఇకపై ప్రతి నిష్క్రమణకు సంతకంతో కూడిన రాజీనామా పత్రం ఉండాలి. పత్రం లేనిచోట నిష్క్రమణ జరగలేదని భావించి, సదరు బృందం ఆల్బంలన్నిటినీ అనర్హమైనవిగా తగలబెట్టాలి. సింహాద్రి 1983లో కీబోర్డు పట్టుకుని వచ్చేశాడే కాని కాగితం ఏదీ ఇవ్వలేదు. ప్రభుత్వం దృష్టిలో అతను నేటికీ పక్కింటి సముద్రం సభ్యుడే.

సర్క్యులర్ చదువుతున్నప్పుడు అతనికి లోపల ఎక్కడో చిన్న వెచ్చదనం కలిగింది. అది సంతోషమని గుర్తుపట్టి సిగ్గుపడ్డాడు.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక నెల్సన్ నేరుగా ఇంటికొచ్చాడు. నలభై ఏళ్ళలో ఇద్దరూ చావులకీ పెళ్ళిళ్ళకీ కనబడితే తల ఊపుకున్నారు, అంతే. డెబ్భై ఏళ్ళ మనిషి, స్కూలు పిల్లలకి ఇంకా డ్రమ్ములు నేర్పుతున్నాడు. కుర్చీ చూపిస్తే కూర్చున్నాడు, మంచినీళ్ళు ఇస్తే తాగాడు. ముప్పైకి ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయన్నాడు. మూడిట్లో ఏదో ఒకటైనా మిగులుతుందనుకుని తీసుకెళ్ళి ఇచ్చాననీ, ఇప్పుడు మూడూ పోయేటట్టున్నాయనీ అన్నాడు. గొంతులో నిష్ఠూరం లేదు. అది లేకపోవడమే సింహాద్రికి ఇబ్బందిగా ఉంది.

"కాయితం రాసిచ్చేస్తాన్లే," అన్నాడు సింహాద్రి.

"ఇత్తావులే. ఆ తర్వాత ఓటు దేనికేత్తావు?"

"చూడాలి."

"ఏటి సూత్తావురా? అసలు ఇన్నావా ఎప్పుడైనా?"

సింహాద్రి లేచి నీళ్ళ చెంబు లోపల పెట్టి వచ్చాడు.

"నాకు తెల్సు," అన్నాడు నెల్సన్. "జగదాంబ జంక్షన్ కాడ కొట్లో మన పాట ఏసినప్పుడు నువ్వు రోడ్డు దాటీడం నాను సూసేను. ఎనభై ఆరులో. అప్పుడే అడుగుదారనుకున్నాను. బాధ పడతావని ఊరుకున్నాను." గ్లాసు కింద పెట్టి లేచాడు. "మార్కులెయ్యమని రాలేదురా సింహా. తగలెట్టీముందు ఒక్కసారి ఇను. మనోళ్ళలో మాకోసం ఇనీవోడు నువ్వొక్కడివే మిగిలిపోనావు."

మర్నాడు సింహాద్రి ఆఫీసుకి వెళ్ళి అహల్యని కలిసి, వినాలని ఉందని చెప్పాడు. నిబంధన నాలుగు ప్రకారం కుదరదంది. అతను లేచాడు. ఆవిడ ఒక రిజిస్టరు తీసి, తిరగేస్తూ, ఎవరికో చెబుతున్నట్టు మాట్లాడింది. టేపు యంత్రాన్ని నెలకోసారి నలభై అయిదు నిమిషాలు నడిపి, దాని మీటరు ముల్లు సరిగ్గా కదులుతోందో లేదో నమోదు చెయ్యాలి. చేసే మనిషి లేక మూడు నెలల పరీక్షలు ఆగిపోయాయి. ఏ టేపు పెట్టాలన్నది నిబంధనల్లో లేదు.

"తమరు హార్బర్లో ముల్లు చూసి అంకెలు రాసేవారట కదా," అంది. "మూడు పరీక్షలు. ముల్లునే చూడాలండీ. మిగతాది తమ బాధ్యత."

వెనక గదిలో, వరసగా నిలబెట్టిన శిలావిగ్రహాల మధ్య, పొద్దున పదింటికి సింహాద్రి మొదటి స్పూలు ఎక్కించాడు. ఒళ్ళో రిజిస్టరు, చేతిలో పెన్ను.

అతను పాట వినలేదు మొదట. ముగింపు కోసం కాచుకున్నాడు. వాళ్ళు ఎక్కడ తడబడతారో అతనికి తెలుసు. ఏడు మాత్రల తాళంలోంచి బయటికొచ్చేటప్పుడు నెల్సన్ తొందరపడతాడు, గిటారు సాగదీస్తుంది, ఇక అక్కడ ఒక కీబోర్డు వచ్చి అందరినీ కూడగట్టుకోవాలి. ఆ చోటు వచ్చింది. నెల్సన్ తొందరపడలేదు. ఒక్కొక్క దెబ్బా తగ్గించుకుంటూ వచ్చాడు. గిటారు ఒక్క స్వరం దగ్గర ఆగి, అక్కడే సన్నబడింది. తర్వాత ఏమీ లేదు. పాట అయిపోయింది. ఎవరూ ముగించినట్టు లేదు, దానంతటది దిగిపోయిన నీటిలా ఉంది.

రెండో స్పూలు పెట్టాడు. అది మరోలా ముగిసింది, కోపంగా, సగం మాటలో. మూడో స్పూల్లో పాట ఇరవై రెండు నిమిషాలు. పద్దెనిమిదో నిమిషంలో అతను ముల్లు చూడడం మానేశాడు.

అతనికి గుర్తొచ్చినవి వాళ్ళ పాటలు కావు. తను ఉన్న అయిదేళ్ళు. ఆ అయిదేళ్ళలో ఒక్క ఆల్బం రాలేదు. ప్రతి పాటనీ ఇంకోలా ముగిద్దామని, ఇంకోసారి చూద్దామని, ఇంకా కాలేదని ఆపింది ఎవరు? వాళ్ళకి ముగించడం రాదని అతను అనుకున్నాడు. అతను ముగియనివ్వలేదు. ఇంత చిన్న సంగతి తెలియకుండా ఉండడానికి నలభై ఏళ్ళ శ్రద్ధ పట్టింది.

రిజిస్టరులో 'ముల్లు సక్రమముగా కదులుచున్నది' అని మూడుసార్లు రాసి సంతకం పెట్టాడు.

ఇరవై తొమ్మిదో తేదీన చివరి సమావేశం. నెల్సన్‌ని కూడా పిలిపించారు. డైరెక్టరు రాజీనామా పత్రం సిద్ధం చేయించి ఉంచాడు. సంతకమూ, ఓటూ రెండూ అయిపోతే మర్నాడు రెండు టేపులకి అగ్గి పెట్టించొచ్చు. సింహాద్రి కాగితం పక్కకి జరిపి, ఒక సందేహం అడిగాడు. ఒక నిష్క్రమణకు ఒక పెట్టె అన్నారు. మూడు నిష్క్రమణలుంటే?

"మూడు పెట్టెలు," అంది అహల్య, డైరెక్టరు నోరు తెరవకముందే. "జోగిదాసు గారి ఫైలు ఉంది."

"నేను మూడుసార్లు వెళ్ళిపోయానండి," అన్నాడు సింహాద్రి. "ఎనభై మూడులో, ఎనభై అయిదులో, ఎనభై ఏడులో. నేను వెళ్ళినప్పుడల్లా ఒక ఆల్బం వచ్చింది. ఒక్కో నిష్క్రమణకి ఒక్కటే ఆల్బం. పోటీయే లేదు. దేనికదే ఉత్తమం."

ఇంజనీరు సత్యం వేళ్ళ మీద లెక్కేసి, కొలత కుదిరిందన్నాడు. ఇన్నేళ్ళ తర్వాత పత్రాలు చెల్లుతాయా అన్న ప్రశ్న వచ్చింది. దాన్ని డైరెక్టరే తేల్చాడు.

"వెళ్ళడం ఎప్పుడు జరిగిందన్నది చరిత్ర. పత్రం ఎప్పుడు అందిందన్నది పరిపాలన. ఇవి పరస్పరం అడ్డు రావు." ఆయన ముఖం వెలుగుతోంది. ఒక్కసారి రుజువు కావలసిన సిద్ధాంతం మూడుసార్లు రుజువైంది. "అయితే ధ్రువీకరణలో ఒక వాక్యం తప్పనిసరండి. తమరు అంగీకరించాలి."

ఆ వాక్యాన్ని ఆయన నిలబడి డిక్టేట్ చేశాడు. "శ్రీ కోరాడ సింహాద్రి గారు బృందంలో ఉన్న ఏ కాలంలోనూ బృందం నుండి ఎట్టి ఆల్బమూ వెలువడలేదనియు, వెలువడిన సంగీతమంతయు వారు లేని కాలంలోనే వెలువడినదనియు ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది."

నెల్సన్ కుర్చీలో ముందుకి జరిగాడు. "ఒరేయ్, అది రాయకురా. అంతమాట అక్కర్లేదు."

"నిజమే కదరా," అన్నాడు సింహాద్రి.

గదిలో ఫ్యాను తిరుగుతోంది. ఆ వాక్యం గెజెట్లో అచ్చవుతుంది. పక్కింటి సముద్రం గురించి ప్రభుత్వం చెప్పే మాట అదొక్కటే. అతను దాన్ని ఇంకోసారి చదివాడు. ఇందులో ఇంకోలా మార్చవలసింది ఏమైనా ఉందా అని అలవాటు కొద్దీ వెతికాడు. ఏమీ లేదు. సంతకం పెట్టాడు. తర్వాత మూడు రాజీనామాల మీద మూడు సంతకాలు.

టీలు వచ్చాయి. డైరెక్టరు ఫోనులో ఎవరికో శుభవార్త చెబుతూ బయటికి వెళ్ళాడు. అంతా అయిపోయిందనుకుని నెల్సన్ లేవబోతుంటే అహల్య ఆపింది. మూడుసార్లు వెళ్ళాలంటే మధ్యలో రెండుసార్లు రావాలి. రెండు చేరిక ఫారాలు బృందం తరఫున ఆయనే నింపాలి.

నెల్సన్ కళ్ళజోడు పెట్టుకుని మొదటి ఫారం మీదకి వంగాడు. పేరు, ఊరు, వాద్యం నింపాడు. ఒక గడి దగ్గర ఆగాడు.

"తిరిగి చేర్చుకొనుటకు కారణం అని ఉందిరా. ఏటి రాయమంటావు?"

"ఒక్క లైను మించకూడదండీ," అంది అహల్య.

సింహాద్రి టీ కప్పు అందుకున్నాడు. "నేనే అడిగానని రాయి."

నెల్సన్ అతని ముఖం చూశాడు. తర్వాత రాశాడు. రెండో ఫారం తీసుకుని మళ్ళీ అదే గడి దగ్గరికొచ్చాడు.

"దీన్లో కూడా నువ్వే అడిగీసేవా?"

"లేదు," అన్నాడు సింహాద్రి. టీ కప్పు రెండు చేతులతో పట్టుకుని, దాన్నే చూస్తూ అన్నాడు. "రెండోసారి మీరు పిలిచారని రాయి."

నెల్సన్ పెన్ను పక్కన పెట్టాడు. జేబులోంచి రుమాలు తీసి కళ్ళజోడు తుడిచి, మళ్ళీ పెట్టుకుని, గడిలో పట్టేటట్టు చిన్న అక్షరాలతో, 'మేమే పిలిచాం' అని రాశాడు. కాగితం అహల్య వైపు జరిపాడు. ఆవిడ చదివి, ముద్ర వేసింది.